చెవులు లేని సర్వర్

మా వీధిలో వాళ్ళు నేను ముప్పై ఏళ్ళు కంప్యూటర్లు బాగుచేశాననుకుంటారు. పక్కింటావిడ ప్రింటర్ మొరాయిస్తే నన్నే పిలుస్తుంది. "నేను బాగుచేసేదాన్ని కాదండీ, పాడుచేసేదాన్ని" అని ఎన్నిసార్లు చెప్పినా నవ్వేసి, కాఫీ ఇచ్చి, ప్రింటర్ ముందు కూర్చోబెడుతుంది. నేను చెప్పింది నిజమే. సాఫ్ట్‌వేర్ టెస్టర్ పని అదే. ఒకరు కష్టపడి రాసిన ప్రోగ్రామ్‌ను జనం చేతికి వెళ్ళకముందే పడగొట్టడానికి చూడాలి. పడగొట్టలేకపోతే అప్పుడు పంపించాలి.

రిటైరై బందరు వచ్చేశాక, ఈ పనిలోకి కొత్తగా వెళ్తున్న పిల్లలు అప్పుడప్పుడు వస్తున్నారు. ఏ కోర్సు చెయ్యాలి, ఏ సర్టిఫికెట్‌కి విలువ ఉంది అని అడుగుతారు. నాకు తెలిసిన కోర్సులన్నీ పాతబడిపోయాయి. నేను గట్టిగా చెప్పగలిగింది నేను చేసిన ఒక తప్పు గురించి, ఆ తప్పు వల్ల మాట పడ్డ ఒక పెద్దమనిషి గురించి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది కాబట్టి మధ్యమధ్యలో కాస్త విసుక్కుంటాను. ఏమీ అనుకోకండి.

ఎన్ని పాసయ్యాయి?

మొదటి పదిహేనేళ్ళూ హైదరాబాదులో పనిచేశాను. అక్కడ నా పైన ఒకాయన ఉండేవాడు. రోజూ సాయంత్రం వచ్చి ఒకే ప్రశ్న అడిగేవాడు, "ఎన్ని పాసయ్యాయి?" అని. నాలుగు వందల టెస్టుల్లో మూడు వందల తొంభై ఎనిమిది అంటే ముఖం మాడ్చుకునేవాడు. నాలుగు వందలూ అంటే స్వీట్లు తెప్పించేవాడు. ఫెయిలైన రెండూ ఎందుకు ఫెయిలయ్యాయని ఆ పదిహేనేళ్ళలో ఒక్కసారి కూడా అడగలేదు.

ఆయన చెడ్డవాడు కాదు. కానీ అలాంటి మనిషి కింద ఉంటే మనకు తెలియకుండానే ఒక జబ్బు అంటుకుంటుంది. పాసయ్యే టెస్టులు రాయడం అలవాటైపోతుంది. అది నాకూ అంటుకుంది. నాకు అంటుకోలేదని చాలా ఏళ్ళు అనుకున్నాను.

అమ్మకు ఒంట్లో బాగుండక ఇటు వచ్చేసినప్పుడు, గుడివాడలో ప్రసాదరావు గారి చిన్న కంపెనీలో చేరాను. ఆయనది పెదపారుపూడి దగ్గర వ్యవసాయ కుటుంబం. కోడ్ ఒక్క ముక్క రాదు. మిల్లుల వాళ్ళకీ సంఘాల వాళ్ళకీ సాఫ్ట్‌వేర్ చేయించి ఇచ్చేవారు. అందరం కలిపి పదకొండు మందిమి. ప్రసాదరావు గారు నా కంటే రెండేళ్ళే చిన్న, అయినా మొదటి రోజు నుంచీ నన్ను "అక్కగారూ" అనే పిలిచారు. చేరిన వారానికి వచ్చి, "ఏది ఫెయిలైందండీ అక్కగారూ?" అని అడిగారు. ఆ ప్రశ్న విన్నందుకు నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చినంత పనైంది.

గుమ్మం దగ్గర

మేము చేసినవాటిలో ఒక టూల్ ఉంది. నెట్‌వర్క్ మీద ఒకచోటి నుంచి మరోచోటికి ఫైళ్ళు, ఉత్తరాలు తెచ్చిపెట్టడం దాని పని. దివిసీమలో సముద్రం ఒడ్డునున్న కొన్ని మత్స్యకార సంఘాలకు దాన్ని ఇచ్చాం. వాతావరణ కబురు రోజూ ఈమెయిల్లో వస్తుంది. గాలి ఉన్నా లేకపోయినా రోజుకొకటి వస్తుంది. మా టూల్ మెయిల్ సర్వర్ దగ్గరికి వెళ్ళి, తానెవరో రుజువు చేసుకుని, ఆ కబురు తెచ్చి సంఘం ఆఫీసులోని కంప్యూటర్లో చూపిస్తుంది. ఆఫీసాయన దాన్ని మైకులో చదువుతాడు. అది విని పడవల వాళ్ళు వేటకు వెళ్ళడమో మానడమో చేస్తారు. ఫోన్లు అందరి చేతుల్లోనూ ఉన్నాయి కానీ అక్కడ సిగ్నల్ ఎప్పుడుంటుందో ఎప్పుడుండదో ఎవరూ చెప్పలేరు. మైకైతే అందరికీ వినిపిస్తుంది.

తానెవరో రుజువు చేసుకోవడం అన్నాను. టెస్టర్‌గా నా బాధ్యత ఆ ముక్కే. అది ఎలా జరుగుతుందో చెబుతాను, కష్టం కాదు. సర్వర్ గుమ్మం దగ్గర నిలబడి, "నేను ఫలానా ఫలానా పద్ధతుల్లో మనుషుల్ని గుర్తుపడతాను" అంటుంది. టూల్ వాటిలో గట్టిదాన్ని ఎంచుకుంటుంది. అప్పుడు సర్వర్ ఒక చిక్కు ప్రశ్న వేస్తుంది. పాస్‌వర్డ్ తెలిసినవాళ్ళే దానికి జవాబు కట్టగలరు. పాస్‌వర్డ్ మాత్రం బయటికి చెప్పనక్కర్లేదు. ఒక్కోసారి ఆ ప్రశ్న గజిబిజిగా వస్తుంది. అప్పుడు టూల్ ఏం చెయ్యాలో, మెయిల్ సర్వర్లన్నీ పాటించే నిబంధనల్లో స్పష్టంగా ఉంది. ఒక్క నక్షత్రం గుర్తు పంపాలి. "ఈ ప్రశ్న రద్దు చేసుకుందాం" అని దాని అర్థం. సర్వర్ సరేనన్నాక రెండో పద్ధతి మొదలుపెట్టాలి.

దీన్ని పరీక్షించడానికి నిజం సర్వర్ పనికిరాదు. మనం అడిగినప్పుడల్లా అది గజిబిజి ప్రశ్న వెయ్యదు కదా. అందుకని మేమే ఒక ఉత్తుత్తి సర్వర్ రాసుకుంటాం. టూల్ ఇలా అంటే నువ్వు ఇలా అను అని దానికి ముందే చెప్పి పెడతాం. నేనూ రాశాను. ఎలా రాశానో చెప్పడానికే ఇప్పుడు సిగ్గేస్తోంది.

టూల్ రాసిన కుర్రాడు కిశోర్. తెలివైనవాడు, మర్యాదస్తుడు, మధ్యాహ్నం మా ఇంటి గోంగూర పచ్చడిలో వాటా ఉన్నవాడు. నిబంధనల కాగితాలు నా సొరుగులోనే ఉన్నాయి. అవి తియ్యకుండా నేను అతని కుర్చీ దగ్గరికెళ్ళి, "గజిబిజి ప్రశ్న వస్తే నీ టూల్ తర్వాత ఏమంటుందిరా?" అని అడిగాను. "రెండో పద్ధతికి వెళ్ళిపోతుంది మేడమ్" అన్నాడు. వచ్చి నా ఉత్తుత్తి సర్వర్లో అలాగే రాసుకున్నాను. మొదటి మాటకి ఈ జవాబు, రెండో మాటకి ఆ జవాబు అని వరసగా పేర్చాను. ఆ రెండో మాట ఏమిటో అది వినదు. నా సర్వర్‌కి నోరుంది కానీ చెవులు లేవు. టెస్టు పాసైంది. కూర వండినవాణ్ణే ఉప్పు సరిపోయిందా అని అడిగి, సరిపోయిందని పుస్తకంలో రాసుకున్నట్టయింది.

నాంచారయ్య గారి ఫోను

హంసలదీవి దగ్గరి ఒక పల్లెలో సంఘం ఆఫీసు చూసేది నాంచారయ్య గారు. వయసు అరవై దాటింది. కాలు దెబ్బతిని వేట మానేశాక ఆఫీసులో కూర్చున్నారు. మైకు ఆయనదే. ఒక గురువారం మధ్యాహ్నం ఆయన దగ్గర్నుంచి ఫోనొచ్చింది.

"మేడమ్ గారూ, సోమవారం పొద్దున కంప్యూటర్ పెట్టె చూశానండీ. కొత్త కబుర్లు లేవు అనే ఉందండీ. అదే మైకులో చెప్పాను. పడవలెళ్ళినాయి. పదింటికల్లా గాలి లేసింది."

నది మొగ దగ్గర, అంటే కృష్ణ సముద్రంలో కలిసే చోట, ఒక పడవ తిరగబడింది. ఇద్దరు నీళ్ళలో పడ్డారు. వెనక వస్తున్న పడవ వాళ్ళు ఇద్దర్నీ లాగేశారు. ప్రాణాలు దక్కాయి. ఒకతని చెయ్యి విరిగింది, వలలు పోయాయి. గాలి వస్తుందన్న కబురు ఆ పొద్దున్నే పక్క ఊళ్ళకు అందిందని సాయంత్రానికి తెలిసింది. నాంచారయ్య పెట్టె చూడకుండానే మైకు పట్టుకున్నాడని ఊరంతా అనుకుంది. ఆదివారం సంఘం మీటింగు. మైకు ఆయన దగ్గర్నుంచి తీసేయాలని తీర్మానం.

"నేను చూశానండీ. ఆ ఒక్క మాట మీరు వాళ్ళకి చెబితే చాలండీ. పని పోతే పోయింది, చూడకుండా చెప్పాడంటే మాత్రం నేను ఆ ఊళ్ళో తలెత్తుకోలేనండీ."

నేను ఏమన్నానో దాచకుండా రాస్తున్నాను. "మా టెస్టులన్నీ పాసయ్యాయండీ. మీరే సరిగ్గా చూసి ఉండరు" అన్నాను.

ఆయన మెల్లగా అన్నారు. "పెట్టె చూడ్డం చేతకాకపోతే ఇన్నాళ్ళు ఎట్టా చదివానండీ? రోజూ ఒకటి రావాలి గదా. గాలి లేకపోయినా లేదని వచ్చిద్ది. అసలేమీ లేకపోవటమే తేడాగా ఉందండీ. ఆ పొద్దున నాకు తట్టలేదు. ఒక్కోసారి ఆలస్యంగా వచ్చిద్ది, లేకపోతే మంచిదేగా అనుకున్నాను. అది నా తప్పే. చూడలేదంటం మాత్రం అబద్ధం."

నా చెంప ఛెళ్ళుమన్నట్టయింది. టెస్టర్‌ని నేను. ఆలోచించింది ఆయన.

క్షమించమని అడిగి, టూల్ సర్వర్‌తో మాట్లాడే ప్రతి మాటా తెర మీద కనిపించేలా చేసే పద్ధతి ఫోనులోనే చెప్పాను. ఆయన ఒక్కో అక్షరం నొక్కుతూ, "నొక్కానండీ, తర్వాత?" అంటూ వచ్చారు. మొదటిసారి అంతా సవ్యంగా ఉంది. రెండోసారీ అంతే. ఇంకోసారి, ఇంకోసారి అని ఆరుసార్లు చేయించాను. ఆయన ఒక్కసారీ విసుక్కోలేదు. ఏడోసారి, "ఇప్పుడేదో పిచ్చిరాత వచ్చిందండీ" అన్నారు.

"దాని కింద ఏముంది?"

"ఏ, యు, టి, హెచ్... అని ఉందండీ."

"అంటే రెండో పద్ధతి మొదలుపెట్టేసింది. మధ్యలో నక్షత్రం గుర్తు ఉందా? ఒక్కటే, ఒంటరిగా?"

"లేదండీ. ఎక్కడా లేదు. ఆ కింద ఎర్రర్ అని ఉంది. ఆఖర్న మళ్ళీ కొత్త కబుర్లు లేవు అంటంది."

సొరుగు తీసి నిబంధనల కాగితాలు బల్ల మీద పరుచుకున్నాను. మెయిల్ కంపెనీ వాళ్ళు ఈమధ్యే కొత్త సర్వర్ పెట్టుకున్నారు. దాని ప్రశ్న అప్పుడప్పుడు మా టూల్‌కి గజిబిజిగా అందుతోంది. టూల్ నక్షత్రం పంపకుండా నేరుగా రెండో పద్ధతి మొదలుపెడుతోంది. సర్వర్ ఆ మాటను తన ప్రశ్నకు జవాబనుకుని, తప్పు అని తలుపేస్తోంది. తలుపేశారన్న సంగతి చెప్పకుండా మా తెర, కొత్త కబుర్లు లేవు అని నిబ్బరంగా చూపిస్తోంది. లోపలికే వెళ్ళనివాడు లోపల ఉత్తరాలు లేవని ఎలా చెబుతాడు? అలా చెప్పింది మా టూల్. దానికి పాస్ అని రాసింది నేను.

ఆదివారం

కిశోర్ ముఖం తెల్లబోయింది. గంటలో సరిచేశాడు. ఆ తర్వాత, "కొత్త వెర్షన్ పంపేసి, నెట్‌వర్క్ సమస్య వచ్చిందని ఒక మెయిల్ పెడదాం మేడమ్" అన్నాడు. అతన్ని తప్పుపట్టను. మా పనిలో ప్రతి కంపెనీలోనూ ఆ మాట తయారుగా ఉంటుంది. నాకూ ఒక్క క్షణం బాగానే వినిపించింది.

ప్రసాదరావు గారు అంతా విని నన్నడిగారు. "తప్పు మనదేనా అక్కగారూ?"

"మనదే. టూల్లో తప్పు చిన్నది. దాన్ని పట్టుకోవాల్సింది నేను. పెద్ద తప్పు నాది."

"అయితే మెయిలెందుకండీ? ఆయన మాట పోయింది మైకు ముందు. మనం ఇక్కణ్ణుంచి కాగితం పంపితే తిరిగొస్తుందా? ఆదివారం కారులో వెళ్దాం. మీరు మాట్లాడండి, నేను పక్కన నిలబడతాను."

పదోన్నతులు, జీతాలు మర్చిపోయాను కానీ ఈ మాట మర్చిపోలేదు. ఇలాంటి మనిషి దగ్గర పనిచేయడం అదృష్టం. ఆ అదృష్టం నాకు పట్టింది.

పామర్రు, చల్లపల్లి మీదుగా అవనిగడ్డ, అక్కణ్ణుంచి కోడూరు దాటి వెళ్ళాం. మీటింగు రేకుల షెడ్డులో. వలలు ఓ పక్కకు జరిపి చాపలు పరిచారు. నాంచారయ్య గారు ఒక మూల స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నారు. ఆయన పక్కన ఎవరూ కూర్చోలేదు. ఫోనులో మాటలే తప్ప ఆయన్ను చూడలేదు నేను. అయినా గుర్తుపట్టాను.

మైకు తీసుకుని చెప్పాను. సోమవారం ఆయన చూశారు, తెర మీద ఏముందో అదే చదివారు, తెరే తప్పు చెప్పింది, దాన్ని పరీక్షించి బాగుందని పంపింది నేను అని. గుమ్మం, ప్రశ్న, నక్షత్రం అంతా విడమరిచాను. ఎంతమందికి అర్థమైందో తెలియదు. "ఆయన చూశారు" అన్న మాట మాత్రం అందరికీ అర్థమైంది. తలలు ఆయన వైపు తిరిగాయి. ఆయన కండువాతో కళ్ళొత్తుకున్నారు.

అప్పుడు నాగమణి అనే ఆవిడ లేచింది. చెయ్యి విరిగినతని భార్య. ఆవిడ తిడుతుందని, తిట్టించుకోవాలని సిద్ధంగా ఉన్నాను. తిట్టలేదు.

"తప్పు ఒప్పుకున్నావమ్మా, సంతోషం. ఆ చుక్కేదో పెట్టి బాగుచేశామంటన్నావు. రేపు ఇంకోటేదో పాడయ్యిద్ది. అప్పుడు కబురు రాకపోతే, రాలేదని మాకెట్టా తెలిసిద్ది?"

నక్షత్రం పెట్టాం, అంతే. గుమ్మం దగ్గరే ఆగిపోతే ఆ సంగతి పల్లెకు చెప్పాలని మాలో ఎవరికీ తోచలేదు. "చేసి తీసుకొస్తానమ్మా" అన్నాను. సంఘం ప్రెసిడెంటు మైకు నా చేతిలోంచి తీసుకుని వెళ్ళి నాంచారయ్య గారి ఒళ్ళో పెట్టాడు. తిరిగొచ్చేటప్పుడు అదే నాగమణి మా కారులో ఎండు మెత్తళ్ళ చేపల పొట్లం పెట్టించింది. మొగుడి చెయ్యి కట్టులో ఉండగా నాకు పొట్లం కట్టిన ఆ మనిషికి నేనేం రుణం తీర్చుకోగలను?

చెవులు పెట్టాక

మర్నాటి నుంచి నా పాత టెస్టులన్నీ తీసి మళ్ళీ రాశాను. ఉత్తుత్తి సర్వర్‌కి చెవులు పెట్టాను. టూల్ అన్న ప్రతి మాటా రాసుకుంటుంది. నిబంధనల ప్రకారం ఏం అనాలో నేను ముందే వేరే కాగితం మీద రాసి ఉంచుతాను. రెండూ అక్షరం అక్షరం సరిపోవాలి. ఉత్తరం చేతికొచ్చినా సరే, మధ్యలో ఒక్క మాట తేడా ఉంటే ఫెయిల్. ఆ కాగితం రాసేటప్పుడు కిశోర్ గదిలోకి కూడా వెళ్ళను. గోంగూర పచ్చడి మాత్రం ఆపలేదు.

ఆ తర్వాత నాగమణి ప్రశ్న పట్టుకున్నాం. పాస్‌వర్డ్ తప్పైతే? సర్వర్ అన్ని పద్ధతులకూ వద్దంటే? మధ్యలో మాట్లాడ్డం మానేస్తే? ఉత్తుత్తి సర్వర్‌ను ఎన్ని రకాలుగా మొండికేయించగలనో అన్ని రకాలుగా మొండికేయించాను. ప్రతిసారీ తెర ఎర్రబడి, "కబురు అందలేదు" అని చూపించాలి. అలా చూపిస్తేనే పాస్. తలుపు తెరిపించుకునే టెస్టుల కంటే తలుపు వేయించుకునే టెస్టులు ఎక్కువయ్యాయి. ప్రసాదరావు గారు చూసి, "ఇన్నిసార్లు గెంటించుకోవాలా అక్కగారూ" అని నవ్వారు. కిశోర్ మారాడు. కొత్తది ఏది రాసినా తనే తెచ్చి, "దీన్ని పడగొట్టండి మేడమ్" అనేవాడు. నా దృష్టిలో ఒక ప్రోగ్రామర్ టెస్టర్‌కి ఇవ్వగలిగిన మర్యాద అంతకంటే లేదు.

పిల్లలకు నేను గట్టిగా చెప్పేది ఇదే. మీ ముందున్న వస్తువు ఏం చేస్తోందో చూసి టెస్టు రాయకండి. ఏం చెయ్యాలో చదివి రాయండి. స్నేహం వేరు, చదవడం వేరు. అవతలి మనిషి ఫోను చేసి పనిచెయ్యలేదంటే ముందు నమ్మండి. ఆ తర్వాత వెతకండి. నేను ఉల్టా చేశాను.

మళ్ళీ ఫోను

కొత్తది పెట్టిన ఏడాదికి, ఒకరోజు ఆఫీసుకు వెళ్ళేసరికి నాంచారయ్య గారి ఫోను.

"మేడమ్ గారూ, పొద్దున పెట్టె ఎర్రగా వచ్చిందండీ. కబురు అందలేదని. మైకులో అదే చెప్పాను. గాలి ఉందో లేదో నాకు తెలవదు, తెలవదని మాత్రం తెలుసు, మీ ఇష్టం అన్నాను. ఒక్క పడవ కదల్లేదండీ."

పాస్‌వర్డ్ గడువు తీరిపోయింది, అంతే. పావుగంటలో సరిచేశాం. ఆ రోజు కబురు వెంటనే అందింది. గాలి లేదు, వేటకు వెళ్ళొచ్చని ఉంది. అప్పటికే పొద్దెక్కిపోయింది. ఊరంతటికీ ఒక రోజు వేట పోయింది, అదీ మా మూలంగా.

మధ్యాహ్నం నేనే ఫోను చేసి, "సముద్రం ఎలా ఉందండీ?" అని అడిగాను.

"చెరువులాగా ఉందండీ. చిన్న అల కూడా లేదు."

"మరి ఊళ్ళో వాళ్ళు..."

"ఇందాక ఆలస్యంగా వచ్చిన కబురు కూడా మైకులో చదివానండీ, గాలి లేదంట అని. దాచలేదు. నాగమణమ్మ వచ్చింది ఆఫీసుకి. నేను లేచి నిలబడ్డాను, ఏమంటదో అని. 'రాలేదని చెప్పావు, అది చాల్లే నాంచారయ్యా' అని, మొగుణ్ణి వల బాగుచేసుకోమని ఒడ్డున కూర్చోబెట్టి పోయిందండీ."